శిశువుల చెవిపోటు – గృహవైద్యచరిత్రము

శాసనములను, నాణెములను బట్టి రాజ్యముల చరిత్రము వ్రాయఁబడుచున్నది. అర్ధరాత్రమున నేడ్చు పసిబిడ్డను దల్లి యెట్లు ఊరడించెనో తెలుపు శాసనము మాత్రము లేదు. అయినను ఆ చరిత్రమునకును ఆధారములు గలవు. వైద్యసంహితలు, దేశభాషాపదములు, ఇండ్లలో నేఁటికిని నిలిచియున్న యాచారములు అను నీ మూఁటిని జోడించి, కృష్ణానదీముఖప్రాంతమున, ముఖ్యముగాఁ బెడన, బందరు, గుడివాడ, దివిసీమలయందు, శిశువుల చెవిపోటునకుఁ దల్లులు జరుపుచు వచ్చిన గృహవైద్యమును విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. ఈ విచారము కేవలకుతూహలమువలనఁ బుట్టినది కాదు. మా యింట జరిగిన యొక సంగతి నన్ను దీనికిఁ బురికొల్పినది. దానిని దగిన చోట నివేదించెదను.

పెడన బందరునుండి గుడివాడకుఁ బోవు రైలుదారిలో, బందరునకుఁ జేరువనున్న యూరు. నేతకును, చెక్క అచ్చులతో నద్దెడు కలంకారికిని బేరు గన్నది. 1852 మొదలు 1855 వఱకు బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టఁబడిన పిమ్మట కాలువలు పాఱి యీ నేల మాగాణి యయ్యెను. వానకాలమున నీరును జెమ్మయు నిచ్చట సామాన్యములు. పసివారికిఁ బడిసెము పట్టుటయు, దాని వెనువెంటఁ జెవిపోటు వచ్చుటయు నెల్లరకు ననుభవము. 1864 నవంబరు 1వ తేదిని బందరును ముంచిన యుప్పెన మొదలు, 1977 నవంబరు 19వ తేదిని దివిసీమను ముంచిన యుప్పెనవఱకుఁ జూచినచో, త్రోవలు తెగి వైద్యునిఁ జేరరాని దినము లీ సీమవారికి కొత్త కావు. ఇరువదవ శతాబ్ది మొదట బందరున వైద్యవృత్తి నెఱపిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారివంటి పట్టభద్రవైద్యులు పట్టణమున నుండినను, పల్లెలయందు రాత్రివేళ బిడ్డ యేడ్చినప్పుడు మొదటి వైద్యురాలు ఇంటిలోని పెద్దమ్మయో అమ్మమ్మయో యయ్యెను. కావున గృహవైద్యమును మూఢాచార మని తేలికగాఁ ద్రోసివేయుట చరిత్రజ్ఞులకుఁ దగదు. అందు నిలిచిన దేది, నశించిన దేది, విడువవలసిన దేది యని వివేచింపవలెను.

పదవిచారము

మొదట పదములను జూతము. చెవిపోటు ఆచ్ఛికసమాసము. పడు ధాతువునుండి పాటు, చెడు ధాతువునుండి చేటు ఏర్పడినట్లే, పొడుచు ధాతువునుండి పోటు ఏర్పడినది. పొడుచుటకు మొనగల వస్తువుతో గ్రుచ్చుట యొక యర్థము. ప్రొద్దు పొడుచుట మొదలగు ప్రయోగములయందు పైకి వచ్చుట మఱియొక యర్థము. సముద్రతీరమువారు ఆటుపోటు లనునప్పుడు పోటునకు నీటి పొంగు అర్థము. చెవియందలి బాధకు మొదటి యర్థమే మూల మనుటలో సందేహము లేదు. కాని యా బాధ యలవలె నెక్కుచుఁ దగ్గుచు నుండుటఁ జూచిన తీరవాసులకు రెండవ యర్థము గూడ మనసునఁ దోఁచి యుండుట యసంభవము గాదు.

సంస్కృతమున దీనికిఁ గర్ణశూల మని పేరు. శూలధాతువు ధాతుపాఠమున రుజార్థమునఁ జదువఁబడినది. శూలరోగమునకు నా పే రేల వచ్చెనో సుశ్రుతుఁడు చెప్పుచు, మేకు దిగఁగొట్టినట్లు తీవ్రవేదన కలుగుటయే కారణ మనెను. తెలుఁగువారు పోటు అనుటయు, సంస్కృతమువారు శూల మనుటయు నొకే యనుభవమునకుఁ బెట్టిన పేర్లు. ఇందొకటి రెండవదానికి భాషాంతరీకరణ మని చెప్పుట కాధారము లేదు. బాధ యొక్కటియే కాఁబట్టి భావమును నొక్కటియే యైనది.

ఇంకొక పదద్వయము మనకు ముఖ్యము. చెవినుండి చీము గాని నీరు గాని వెడలుటను మన యిండ్లలో చెవి కాఱుట యందురు. సంహితలలో నిది కర్ణస్రావము. పోటును గాఱుటను మన వాడుకభాష స్పష్టముగా వేఱుచేసినది. ఇట్లు రెండు పేర్లు పెట్టిన పెద్దలు రెండింటి కొకే వైద్యము చేసియుండరు. ఈ మాట ముందు మనకు బనికివచ్చును.

మాటలాడలేని రోగి

చరకుఁడు కర్ణరోగములను దోషభేదముచే నాలుగుగా నెన్నెను. సుశ్రుతుఁ డుత్తరతంత్రమున నిరువదియెనిమిది చెప్పెను. వాగ్భటుఁ డష్టాంగహృదయమున నిరువదియైదు చెప్పెను. సుశ్రుతుని గణనలో మొదటిది కర్ణశూలము. వాయువు తన త్రోవను దప్పి, ఇతరదోషములచే నావరింపఁబడి చెవిలోఁ దిరుగుటచే శూల కలుగు నని యాతని మతము.

పెద్దవాఁడు తన బాధను జెప్పుకొనును. శిశువు చెప్పలేఁడు. ఈ చిక్కును బ్రాచీనులు గుర్తించిరి. సుశ్రుతుఁడు శారీరస్థానమున, శిశు వే యవయవమును మాటిమాటికిఁ దాఁకునో, ఇతరులు దేనిని దాఁకినప్పు డేడ్చునో, అచ్చట నొప్పి గలదని తెలియవలె ననెను. కాశ్యపసంహిత యింకను ముందునకుఁ బోయినది. అందు సూత్రస్థానమున వేదనాధ్యాయ మని యొక యధ్యాయమే కలదు. మాటలాడలేని బాలుర వేదనల నెట్లు తెలియవలెనని ప్రశ్న. దాని కుత్తరముగా నవయవముల వరుసను లక్షణములు చెప్పఁబడినవి. చెవి నొప్పి గల శిశువు రెండు చేతులఁ జెవులను దాఁకును, తలను మిక్కిలి కదల్చును, నెమ్మది లేక యుండును, పాలు గ్రోలఁ గోరదు, నిద్రపోదు.

ఈ లక్షణములను మన తల్లు లెఱుఁగుదురు. బిడ్డ చెవి పట్టుకొని లాగుకొనుచున్నది, పాలు నోటఁబట్టి వెంటనే విడిచి యేడ్చుచున్నది, పండుకొనఁబెట్టఁగానే యెక్కుడుగా నేడ్చుచున్నది, ఎత్తుకొన్నచోఁ గొంత యూరడిల్లుచున్నది యని వారు చెప్పుదురు. ఇంత సామ్య ముండుటచే గృహజ్ఞానము కాశ్యపసంహితనుండి వచ్చిన దని తలఁచుటకుఁ దొందరపడరాదు. ఆ గ్రంథము తాళపత్రప్రతిగా నేపాళమున శిథిలావస్థలో లభించి, హేమరాజశర్మగారి యుపోద్ఘాతముతో 1938లో బొంబాయి నిర్ణయసాగరముద్రాలయమున వెలువడినది. అంతకుముందు దాని పాఠము దేశమున దుర్లభము. పెడన పల్లెలలోని ముసలమ్మలు దానిని విని యుండ రనుట స్పష్టము. ఉభయులును బిడ్డనే చూచిరి. గ్రంథకర్తయుఁ దల్లియు నొకే సాక్షిని విచారించి యొకే సాక్ష్యమును గ్రహించిరి. ఇది గృహజ్ఞానమునకుఁ దక్కువ గౌరవము గాదు.

కాపడము

గృహవైద్యమున మొదటి భాగము కాపడము. ఉప్పు గాని తవుడు గాని యిసుక గాని మంగలములో వేఁచి, నూలుగుడ్డలో మూటగట్టి, చెవి చుట్టును, దవడను, మెడను మెల్లగా నొత్తుట యీ ప్రాంతమునఁ బ్రసిద్ధము. నేఁతగాండ్ర యూళ్లలోఁ బలుమాఱు లుతికిన మెత్తని నూలుగుడ్డకుఁ గొదువ లేదు. చరకుఁడు సూత్రస్థానమునఁ జెప్పిన పదుమూఁడు స్వేదములలో మొదటిదగు సంకరస్వేద మిట్టి మూటతోఁ జేయు స్వేదమే. కన్నులకును, హృదయమునకును స్వేదము మృదువుగా నుండవలె నని, లేదా యసలు చేయరా దని యాతఁడు నియమించెను. మా పెద్దలును బిడ్డ కన్నులను గుడ్డతోఁ గప్పి కాపడము పెట్టుట నేనెఱుఁగుదును.

చంటిబిడ్డకు మూట యక్కఱ లేదు. తల్లి తన యఱచేతిని గుంపటిసెగకుఁ జూపి, తన చెంపకుఁ దాఁకించుకొని వేఁడి పరీక్షించి, బిడ్డ చెవిమీఁద మెత్తగా నుంచును. చల్లాఱఁగానే మఱల కాఁచుకొనును. ఈ యాచారము మొన్నమొన్నటివఱకుఁ బెడన పరిసరముల నింటింటఁ గలదు. కాశ్యపసంహితయందు బాలురకుఁ జెప్పిన యెనిమిది స్వేదములలో మొదటిది హస్తస్వేదము. అది మిక్కిలి చిన్న శిశువులకు విధింపఁబడినది. చేయియే పరికరము, చేయియే యుష్ణమాపకము. అఱచేయి భరింపలేని వేఁడిని బిడ్డకుఁ దగిలించుట సాధ్యము గాదు. ఉప్పుమూట యట్లు గాదు. అది వేఁడిని జిరకాలము లోపల దాఁచుకొనును. పై గుడ్డ చల్లగాఁ దోఁచినను లోపలి యుప్పు బిడ్డ చర్మమును గాల్పవచ్చును. హస్తస్వేదమును శిశువునకు మొదటఁ జెప్పుటలోని వివేక మిందుఁ దెలియును.

కర్ణపూరణము

రెండవ భాగము చెవిలో నేదేనియుఁ బోయుట. సంహితలలో దీనికిఁ గర్ణపూరణ మని పేరు. మన యిండ్లలో నువ్వులనూనెలో వెల్లుల్లిరేకలు వేసి కాఁచి, వడఁగట్టి, గోరువెచ్చగాఁ జుక్క వేయుట ప్రసిద్ధము. జిల్లేడు పండుటాకునకు నేయి రాచి, నిప్పుమీఁదఁ గాఁచి, పిండిన రసము వేయుట రెండవది. తల్లిపాలు చెవిలోఁ బిండుట మూఁడవది.

ఈ మూఁటికిని గ్రంథములయందు మూలములు గలవు. సుశ్రుతుఁడు వెల్లుల్లి, అల్లము, మునగ, ముల్లంగి, అరఁటి మొదలగువాని రసములు గోరువెచ్చగాఁ జెవిలో నింపుట శూలహర మనెను. బృహత్పంచమూలపుఁ గొయ్యను క్షౌమవస్త్రమునఁ జుట్టి, నూనెలోఁ దడిపి వెలిగించి, జాఱెడు తైలమును బట్టి చెవిలో వేయుటను జెప్పెను. దీనికి దీపికాతైల మని పేరు. జిల్లేటిచిగుళ్లను జెముడుకాడలో నిమిడ్చి పుటపాకము చేసి పిండుటయు నాతని విధులలో నున్నది. నేయి రాచిన జిల్లేటియాకు విధము తరువాతి సంగ్రహగ్రంథములయందు వ్యాప్తి నొందినది. వెల్లుల్లి మహిమ మిగులఁ బ్రాచీనము. 1890లో మధ్యాసియాలోని కూచా ప్రాంతమున బవరుదొరకు లభించిన భూర్జపత్రగ్రంథపు మొదటి భాగమున లశునప్రశంస యున్నది. కాశ్యపసంహితయందును లశునకల్ప మున్నది. భోజనమున వెల్లుల్లిని ముట్టని యిండ్లలోఁ గూడ చెవిపోటునకు మాత్రము నూనెలోఁ జేరుట దీనివలన వింత గాదు.

తల్లిపాల సంగతి మిక్కిలి ముఖ్యము. సుశ్రుతుఁడు స్త్రీస్తన్యమును జెప్పినది శూలకుఁ గాదు. దుర్గంధముతోఁ జిరకాలము స్రవించు చెవికి, మ్రానిపసుపునుండి తీసిన రసాంజనమును స్తన్యముతో నఱగదీసి, తేనె కలిపి వేయవలె నని చెప్పెను. అందు రసాంజనము మందు, పాలు అనుపానము వంటివి. మన యిండ్లలో మందు మఱపునఁ బడినది, పాలు మాత్రము నిలిచినవి. నిలిచిన పాలు స్రావమునుండి శూలకు మాఱినవి. గృహవైద్యము గ్రంథమును విడిచి చిరకాలము నడచినప్పుడు కలుగు మార్పున కింతకంటెఁ దెల్లమగు నుదాహరణము నాకుఁ గానరాలేదు. వస్తువు నిలుచును, నియమము నశించును.

ఈ యాచారము భారతదేశమునకు మాత్రమే చెందినది కాదు. రోమునగరపు సెల్ససు క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో వ్రాసిన వైద్యగ్రంథమున చెవిరోగములకుఁ బ్రత్యేకప్రకరణ మున్నది. అందును వెచ్చనిద్రవ్యములను జెవిలో నింపు పద్ధతులు గలవు. చెవికి రంధ్ర మున్నది, లోపల నొప్పి యున్నది. కావున రంధ్రమునుండి మందు పంపవలె నని సర్వదేశములవారికిని దోఁచినది.

ఉత్సర్గాపవాదములు

ఇఁక మా యింటి సంగతి. కడచిన శ్రావణమాసమున పెడనలోని మా యింట, మా యమ్మాయి కూఁతురు, ఎనిమిదినెలల పాప, రెండుదినములు పడిసెముతో బాధపడి మూఁడవరాత్రి నిలువక యేడ్చెను. ఒళ్లు వెచ్చగా నుండెను. పాలు త్రాగదు, కుడిచెవిని బట్టి లాగుకొనును. మా మేనత్తగారు వెల్లుల్లినూనె కాఁచిరి. చెవిలో నేమియు వేయవలదని వైద్యులు చెప్పియున్నా రని యమ్మాయి యడ్డుపడెను. నేను వ్యాకరణము చదివినవాఁడను, వైద్యమును గొంత గ్రంథముఖమునఁ జూచినవాఁడను. సుశ్రుతప్రామాణ్యమును వినిపించి, రెండుచుక్కలు వేయింపవచ్చు నంటిని. “నాన్నగారూ, ఆ పుస్తకము వ్రాసినవారు బిడ్డ చెవి చూచిన పిమ్మటనే వేయు మనిరా, చూడకుండ వేయు మనిరా?” అని యమ్మాయి యడిగెను. నే నుత్తరము చెప్పలేదు. నూనె వేయఁబడినది.

తెల్లవాఱునప్పటికిఁ జెవినుండి చీము కాఱి దిండు తడిసెను. ఏడ్పు మాత్రము తగ్గెను. మేనత్తగారు నూనెయే పోటును దీసె నని సంతోషించిరి. ఆ దినమే వైద్యునికిఁ జూపితిమి. ఆయన దీపముగల నాళికతో జెవిని జూచి, కర్ణభేరివెనుకఁ జేరిన చీము భేరిని ద్రొక్కి చిల్లు చేసికొని వెలువడిన దనియు, ఒత్తిడి తగ్గుటచే నొప్పి తగ్గిన దనియు, నూనెకుఁ జేరిన కీర్తి నూనెది గా దనియుఁ జెప్పెను. చిల్లు పడిన భేరిగుండ నూనె లోపలికిఁ బోవుట యపాయ మని గూడఁ జెప్పెను. మందు వాడితిమి. కొన్నివారములకుఁ జిల్లు పూడినది. వినికిడిని బరీక్షించి లోపము లేదనిరి. ఆ కొన్నివారములును నేను బాప వెనుక నిలిచి గిలక మ్రోయించి, తల తిరుగునా లేదా యని చూచుచుంటిని.

అప్పుడు నేను దిరిగి సుశ్రుతుని జదివితిని. నా తప్పు గ్రంథమున లేదు, నా పఠనమున నున్నది. వ్యాకరణమున సామాన్యవిధి ఉత్సర్గము. దానిని బాధించు విశేషవిధి యపవాదము. అపవాదమును జూడక యుత్సర్గమును బ్రయోగించువాఁ డపశబ్దమును బలుకును. శూలకుఁ బూరణ ముత్సర్గము. సుశ్రుతుఁడు స్రావమును వేఱుగాఁ జెప్పెను. తలకు దెబ్బ తగులుటచేతను, నీటమునుఁగుటచేతను, లోపలి విద్రధి పక్వమగుటచేతను చెవి స్రవించు నని దాని హేతువులు. స్రావమున కాతఁడు తుడుచుట, కడుగుట, ధూపము, కషాయద్రవ్యములు చెప్పెను. అచ్చటఁ దైలమే లేదని గాదు. అచ్చటి తైలములు వేఱుద్రవ్యములతో వేఱుప్రయోజనమునకుఁ బక్వము చేయఁబడినవి. శోధన మందుఁ గలదు. కర్ణరోగములకు సామాన్యముగాఁ జెప్పిన నియమములలోఁ దలస్నానము మానుట యొకటి. పడిసెముతో నున్న బిడ్డకుఁ దలకు నీళ్లు పోసి, చెవులలో నూనె వేసి యూఁదు నాచార మీ నియమమునకే విరుద్ధము.

అట్లయినఁ బక్వమైన విద్రధి యింకను బగులని రాత్రి నేమి చేయవలెను? అప్పుడు శూలయే కనఁబడును, స్రావము గానరాదు. లోపల నున్నది చూడనిది నూనె వేయవచ్చునో కూడదో నిర్ణయింప నెవరికిని శక్యము గాదు. మా యమ్మాయి ప్రశ్నకు సరియైన యుత్తర మిదియే. ప్రాచీనులకుఁ జెవిలోపలిని జూచు సాధనము లేకుండెను. వారికి లేని సాధనమును బట్టి వారిని నిందింపరాదు. మనకుఁ గల సాధనమును విడిచి వారిని సాకుగాఁ జూపుటయుఁ దగదు.

చెవి లోపలి చరిత్రము

ఆ సాధనము మన చేతికి వచ్చుటకుఁ జాలకాలము పట్టెను. గొంతువెనుకనుండి నడిమిచెవికిఁ బోవు నాళమును ఇటలీదేశపు యూస్టాకియో వివరించిన గ్రంథము 1564లో వెలువడినది. 1704లో వల్సాల్వా చెవినిగూర్చి ప్రత్యేకగ్రంథమును బ్రకటించెను. 1873లో వియన్నాలో పొలిట్జరు మొదలగువారు కర్ణరోగములకుఁ బ్రత్యేకచికిత్సాలయమును నెలకొల్పిరి. వీరి పరిశోధనలవలనఁ దెలిసిన ముఖ్యసత్య మిది. శిశువులకు వచ్చు చెవిపోటు పెక్కుసారులు చెవి రంధ్రమునందు బుట్టినది గాదు. కర్ణభేరికి లోపల, నడిమిచెవియందుఁ బుట్టినది. శిశువునకు యూస్టాకియోనాళము పొట్టిగా, ఇంచుమించు నడ్డముగా నుండును. పడిసెమున నది వాచి మూసికొనును. లోపలఁ జేరిన ద్రవము చీమగును. భేరి యుబ్బును. శిశువును బండుకొనఁబెట్టినప్పు డొత్తిడి యెక్కువగును. పాలు మ్రింగునప్పుడు నొప్పి పుట్టును. తల్లు లెఱిఁగిన లక్షణముల కిట్లు కారణము దొరకినది.

దీనినిబట్టి యొక సంగతి స్పష్టము. భేరి చెడక యున్నచో బయట వేసిన నూనె లోపలి చీమును జేరదు. భేరి చిల్లుపడి యున్నచోఁ జేరరాని చోటికిఁ జేరును. మొదటిపక్షమున రోగము పోదు, రెండవపక్షమున నపాయము. వెచ్చదనముచేఁ గొంత యూరట కలుగుట నిజమే. కాని యా యూరట నూనెది గాదు, వెచ్చదనముది. వెచ్చదనమును వెలుపలనుండియే యీయవచ్చును. హస్తస్వేద మదియే.

ప్రాచీనగ్రంథములను నవీనపరీక్షతో జోడింపవలె ననుట యీనాఁటి క్రొత్త మాట గాదు. సుశ్రుతసంహిత 1835–36లో మధుసూదనగుప్తునిచే కలకత్తాలో ముద్రింపఁబడెను. మద్రాసు ప్రభుత్వము దేశీయవైద్యములను విచారించుటకు నియమించిన మహమ్మదు ఉస్మానుగారి సంఘము 1923లో నివేదిక సమర్పించెను. 1925లో మద్రాసున భారతీయవైద్యవిద్యాలయము నెలకొన్నది. ఆ కాలమున నుభయవైద్యములను సమన్వయింపఁ జూచిన పెద్దల త్రోవయే మన త్రోవ కావలెను.

నేఁటి గృహవైద్యము

పండితులు తమ యిండ్లలోను, పాఠశాలలలోను జెప్పఁదగిన సారము నిచ్చటఁ గూర్చుచున్నాను. వైద్యుల యుపదేశముతో నిది యవిరుద్ధము.

బిడ్డను భుజముమీఁద నిటారుగా నెత్తుకొనవలెను. పండుకొనఁబెట్టి పాలు పట్టరాదు. తల కొంచె మెత్తుగా నుంచి, కొంచెము కొంచెముగాఁ దఱచుగా నీయవలెను. వెచ్చనినీటఁ దడిపి గట్టిగాఁ బిండిన నూలుగుడ్డను, తల్లి మణికట్టునకుఁ దాఁకించి చూచుకొని, చెవి వెలుపల కొన్నినిమిషములు మాత్రము ఉంచవలెను. లేదా యఱచేతి వేఁడినే యీయవలెను. నిప్పుమీఁద వేఁచిన యుప్పుమూట శిశువులకుఁ గూడదు. చెవిలో నూనె, పాలు, ఆకురసము, వెల్లుల్లి, దూది యేమియుఁ జొనుపరాదు. గులిమి తీయుటకుఁ బుల్ల పెట్టరాదు. నొప్పికిఁ బారాసిటమాలు బిడ్డ బరువును బట్టి వైద్యుఁడు నిర్ణయించిన కొలఁదిగా నీయవలెను. ఆస్పిరిను శిశువుల కీయరాదు.

ఆఱునెలలు నిండని బిడ్డకుఁ జెవిపోటని తోఁచినచోఁ గాలవిలంబము చేయరాదు. చీము గాని రక్తము గాని వెడలినను, జ్వర మెక్కువగా నున్నను, చెవివెనుక వాచి చెవి ముందునకుఁ బొడుచుకొని వచ్చినను, బిడ్డ మగతగా నున్నను, మాటిమాటికి వాంతి చేసికొన్నను, రెండుమూఁడు దినములలో గుణము గానరాకున్నను వైద్యునిఁ జేరవలెను. పెక్కు చెవిపోట్లు రెండుమూఁడు దినములలోఁ దమంతఁదామే నెమ్మదించును. కావున ప్రతిదానికిని సూక్ష్మజీవినాశకౌషధ మక్కఱ లేదు. కావలసినది కానిది నిర్ణయించుటకుఁ జెవి చూచినవాఁడే యర్హుఁడు. ఇంటఁ బొగ లేకుండఁ జూచుటయు, తల్లిపా లిచ్చుటయు నీ రోగమును గొంతవఱకు నివారించును. 2017 మొదలు దశలవారిగా నారంభమై 2021 నాటికి దేశమంతట వ్యాపించిన న్యూమోకాకసు టీకయు నందుకుఁ దోడ్పడును.

ఉపసంహారము

ఇంతవఱకుఁ జేసిన విచారమువలనఁ దేలినది యిది. శిశువుల చెవిపోటునకుఁ గృష్ణాముఖప్రాంతపు గృహవైద్యమున మూఁ డంశములు గలవు. మొదటిది లక్షణపరిజ్ఞానము. అది కాశ్యపసుశ్రుతులతో సమానము, నేఁటి శాస్త్రముచే సమర్థితము. రెండవది కాపడము. అందు హస్తస్వేద మిప్పటికి నాదరింపఁదగినది. మూఁడవది పూరణము. దానికి గ్రంథమూల మున్నది, కాని యా మూలములోని నియమములు గృహమున నశించినవి. ఆ నియమములు నిలిచి యున్నను, లోపలిని జూడనివానికి దాని నాచరించు నధికారము లేదు. కావునఁ బూరణమును విడువవలెను.

ఆచారమును విడుచునప్పుడు పెద్దలను నొప్పింపక విడువవలెను. మా మేనత్తగారికి నేను సుశ్రుతుని స్రావప్రకరణమును జదివి వినిపించి, నా తప్పు నొప్పుకొంటిని. ఆమె యంతయు విని, తమ తల్లిగారు గూడ చెవి కాఱినప్పుడు నూనె వేయరాదని చెప్పుచుండెడివా రనియు, తాము మఱచితి మనియు ననిరి. నేను పుస్తకమున వెదకిన యపవాదము మా యింటనే యొకప్పు డుండెనన్నమాట. పోటును గాఱుటను వేఱుచేసిన భాష దానిని భద్రపఱచినది, మనము విననైతిమి. ఇట్టి గృహోక్తులు ముసలివారితో నశింపకముందే యాయా గ్రామముల పండితులు వానిని వ్రాసియుంచి, యీ పత్రికకుఁ బంపినచో నీ చరిత్రము పూర్ణమగును. మొన్న దీపావళికిఁ బాపకు మఱల పడిసెము పట్టినప్పుడు మేనత్తగారు నూనెగిన్నె దెచ్చుటకు మాఱుగా తమ యఱచేయిని గాఁచుకొనిరి. అలమతివిస్తరేణ.